వాక్యానికి ముందూ వెనకా: ఇంట్లో బైబిలు, పక్కన ఉండవలసిన పుస్తకాలు

మా సంఘం సభ్యుల్లో ఒకరింటి పెద్దావిడ పోయిన సంవత్సరం షుగరు మాత్రలు మానేశారు. వయసు డెబ్బై దాటింది. కాలి బొటనవేలి దగ్గర పుండు లేచి మానడం లేదు. ఒక ప్రార్థన కూటంలో ఎవరో ఆమెకు ఆసా రాజు సంగతి చెప్పారు. ఆసాకు పాదాలలో జబ్బు పుట్టింది, ఆయన దేవుణ్ణి ఆశ్రయించకుండా వైద్యులను ఆశ్రయించాడు, రెండేళ్ళు తిరక్కుండా పోయాడు అని. జబ్బు పాదాలలోనే కదా! ఆ మాట తన కోసమే రాసినట్టు ఆమెకు తోచింది. మాత్రల డబ్బా తీసుకెళ్ళి బీరువా మీద పెట్టేశారు. ఇంట్లో ఎవరు చెప్పినా వినలేదు. కొడుకు కోప్పడితే, వాక్యం కంటే నీ మాట గొప్పదా అన్నారట.

ఆ అబ్బాయి మా దగ్గరికి వచ్చాడు. మేము బోధకులం కాము. హుబ్బళ్ళిలో ముప్పై ఏళ్ళ పైచిలుకు ఒక ఆఫీసులో ఫైళ్ళు మోసి రిటైరైన గుమాస్తాలం. మా సంఘంలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, రెండు మూడు ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. కార్యదర్శిగా ఎవరి మతం జోలికీ పోకూడదన్నది మా నియమం. అయినా ఆ అబ్బాయి ముఖం చూసి ఊరుకోలేకపోయాము. సంఘం హాల్లో రెండు బీరువాల పుస్తకాలున్నాయి. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయిన ఒక పెద్దాయన ఇంటివాళ్ళు ఇచ్చిన బైబిలు సంబంధమైన పుస్తకాలు అందులో ఒక అర నిండా ఉన్నాయి. వాటిలో కొన్నిటిని సంచిలో వేసుకొని వెళ్ళాము. ఆ రోజు మొదలైన పనే ఇప్పటికీ నెలకు రెండు ఆదివారాలు సాయంత్రం హాల్లో సాగుతున్నది. అందులో మేము నేర్చుకున్నది నలుగురికీ చెప్పడానికే ఈ వ్యాసం.

ఆఫీసులో మాకు మొదటి రోజే నేర్పిన పాఠం ఒకటుంది. ఫైల్లో పై కాగితం ఒక్కటి చూసి నోటు రాయకూడదు. ఆ ఉత్తరం దేనికి జవాబు, ఎవరు ఎవరికి రాశారు, దానికి ముందు ఏం నడిచింది, ఇవి చూడాలి. చూడకుండా నోటు పెట్టినవాడు తిట్లు తినేవాడు. బైబిలు కూడా ఒక పుస్తకం కాదు, అరవై ఆరు పుస్తకాల కట్ట. రాజుల చరిత్ర ఉంది, పాటలున్నాయి, సామెతలున్నాయి, ఉత్తరాలున్నాయి. ఒక వాక్యాన్ని కట్టలోంచి లాగి చేతిలో పెడితే అది ఏ ఫైలులోనిదో ఎలా తెలుస్తుంది?

పెద్దావిడ ముందు మేము వాదన పెట్టుకోలేదు. అమ్మా, ఆసా సంగతి ఉన్న అధ్యాయం మొత్తం చదివి వినిపించండి, మా కళ్ళజోడు మరిచాము అన్నాము. అది అబద్ధమే, క్షమించాలి. ఆమె రెండవ దినవృత్తాంతముల గ్రంథం 16వ అధ్యాయం మొదటి నుంచి చదివారు. ఆసా మీదికి ఇశ్రాయేలు రాజు దండెత్తి వస్తే, ఆయన దేవాలయపు వెండి బంగారాలు తీసి దమస్కు రాజు బెన్హదదుకు పంపి సాయం కొనుక్కున్నాడు. దీర్ఘదర్శి హనానీ వచ్చి తప్పు అంటే, కోపగించి ఆయన్ను చెరలో వేయించాడు. జనంలో కొందరిని బాధపెట్టాడు. ఆ తరువాత వస్తుంది జబ్బు. అంటే ఆ అధ్యాయం ఆసా మీద రాసిన ఛార్జిషీటు. మొదటి నుంచి నేరం ఒక్కటే: ఎంత కష్టం వచ్చినా దేవుని వైపు తిరగకపోవడం. జబ్బు దగ్గర కూడా తిరగలేదు అన్నదే చివరి మాట. వైద్యం పాపం అని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

ఆవిడ కొంచెం ఆలోచనలో పడ్డారు. అప్పుడు పదసూచిక తెరిచాము. పదసూచిక అంటే, ఒక మాట బైబిలులో ఎక్కడెక్కడ వస్తుందో అకారాది క్రమంలో చూపే పుస్తకం. ఇంగ్లీషు చదివినవాళ్ళు కన్కార్డెన్సు అంటారు. వైద్యుడు అన్న మాట కింద ఉన్న చోట్లన్నీ ఒక్కొక్కటిగా తీసి ఆమెనే చదవమన్నాము. పదసూచిక పక్షపాతం చూపదు, అదే దానిలోని గొప్ప. ఆసా కూడా అందులో ఉన్నాడు. అనేక వైద్యుల చేత బాధలు పడి ఉన్నదంతా ఖర్చు పెట్టుకున్న స్త్రీ, మార్కు 5:26లో ఉంది. ఇవి ఆమె వాదానికి పనికివచ్చేవే. మరోపక్క, రోగులకే వైద్యుడు కావాలన్న మాట మత్తయి 9:12లో, లూకాను ప్రియమైన వైద్యుడని పౌలు పిలవడం కొలొస్సయి 4:14లో ఉన్నాయి. గిలాదులో మందు లేదా, వైద్యుడు లేడా అని ప్రవక్త బాధపడడం యిర్మీయా 8:22లో ఉంది. అక్కడి నుంచి అడుగున ఇచ్చిన రిఫరెన్సుల దారిలో పోతే హిజ్కియా రాజు దొరికాడు. ఆయన చావుబతుకుల్లో ఉండి ప్రార్థించాడు. ప్రార్థన ఆలకించబడింది. ఆ తరువాత యెషయా ప్రవక్త ఏం చెప్పాడో తెలుసా? అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. యెషయా 38:21. ఆవిడ ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నారు. పుండుకా అని అడిగారు. పుండుకే అన్నాము.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళారు. అప్పటికే ఆలస్యమైంది, వేలు తీసేయవలసి వచ్చింది. కాలు దక్కింది. ఇప్పుడు మా ఆదివారం కూర్చోవడంలో పదసూచిక ఆవిడ చేతిలోనే ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వరు.

మాకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పొరుగు రాష్ట్రాల్లో మూడు నాలుగు తరాలుగా ఉన్న తెలుగు ఇళ్ళన్నిటికీ ఉన్నదే. ఇంట్లో పెద్ద బైబిలు పాత తెలుగుది. పిల్లలు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో చదువుకున్నవాళ్ళు. మాట వచ్చు, గ్రాంథికం రాదు. అందుకని బైబిలు నిఘంటువు కంటే ముందు మామూలు తెలుగు నిఘంటువు కావాలి. సి.పి. బ్రౌన్ తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. పాత బైబిలు భాషకు దగ్గరి కాలం కనుక అది బాగా ఉపయోగపడుతుంది. చికాగో విశ్వవిద్యాలయం వారి వెబ్‌సైటులో ఉచితంగా చూసుకోవచ్చు.

సమాధానము అన్న మాట చూడండి. మా మనవడు దాన్ని ప్రశ్నకు జవాబు అనుకున్నాడు. నేటి తెలుగులో అంతే. కాని పాత బైబిలులో సమాధానము అంటే శాంతి, క్షేమం. మనం ఇంకా సమాధానపరచడం అంటాం కదా, ఆ అర్థం. ఇందులో తమాషా ఏమిటంటే, తమిళనాడులోని మనవాళ్ళకు ఈ చిక్కే లేదు, తమిళంలో సమాధానం అంటే నేటికీ శాంతే. కన్నడంలో మనసుకు ఊరట. మరాఠీలో తృప్తి. ఒడియాలో సమస్యకు పరిష్కారం. ఒకే సంస్కృతం మాట, నాలుగు ఊళ్ళలో నాలుగు వేషాలు. అలాగే నిరీక్షణ. పాత బైబిలులో ఆశ, నమ్మకంతో కూడిన ఆశ. ఇప్పటి తెలుగులో ఎదురుచూపు, అదీ బస్సు కోసం. కన్నడంలో నిరీక్షె అంటే ఆశించడం కనుక, మా హుబ్బళ్ళి పిల్లలు దీన్ని విజయవాడ పిల్లల కంటే సరిగ్గా పట్టుకుంటారు. పొరుగు భాష మనకు అడ్డం అని బాధపడేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలనిపించి రాస్తున్నాము. యానాం వారికి ఈ లాభమూ లేదు, చిక్కూ లేదు. చుట్టూ తెలుగే.

ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో వస్తాయి. అది మీ ఇంట్లో కూడా గోడ మీద ఉండవచ్చు. యిర్మీయా 29:11. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో, క్యాలెండర్లలో, పెళ్ళి పత్రికల్లో దీన్ని ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. నీ విషయంలో దేవుని ఉద్దేశాలు మంచివే, ముందు నీకు మంచి కాలముంది అన్నది దాని భావం. ఉద్యోగం కోసం చూసేవాడు ఉద్యోగం వస్తుందని, సంబంధం కోసం చూసేవారు సంబంధం కుదురుతుందని అందులో చదువుకుంటారు. ఫైలు తెరిచి చూస్తే ఆ సంగతి వేరుగా ఉంటుంది.

అది ఒక ఉత్తరం మధ్యలోని మాట. రాసింది యెరూషలేములో ఉన్న యిర్మీయా. అందుకున్నది బబులోనులో చెరలో ఉన్న జనం. ఎవరి చేత పంపాడో కూడా 29వ అధ్యాయం మూడవ వచనంలో ఉంది: షాఫాను కొడుకు, హిల్కీయా కొడుకు, ఇద్దరు రాయబారులు. తపాలా రిజిస్టరులో రాసినట్టు ఉంటుంది. బైబిలు నిఘంటువులో నెబుకద్నెజరు పేరు కింద చూస్తే కాలం తెలుస్తుంది. క్రీ.పూ. 597లో ఆయన యెరూషలేమును లొంగదీసి, రాజు యెకొన్యాను, అధికారులను, చేతిపని తెలిసినవాళ్ళను, కంసాలులను బబులోనుకు తరలించాడు. ఇది బైబిలు ఒక్కటే చెప్పే సంగతి కాదు. బబులోను వారి సొంత వృత్తాంతం రాసిన మట్టి పలక బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాన్ని 1956లో అచ్చువేశారు. రాజు ఏడవ ఏట యూదా పట్టణాన్ని పట్టుకున్నట్టు అందులో ఉంది. ఇంకొన్ని పలకలు బెర్లిన్ మ్యూజియంలో ఉన్నాయి. బబులోను కోటలో ఎవరెవరికి ఎంత నూనె ఇచ్చారో రాసిన రేషను పద్దులు అవి. వాటిలో యూదా రాజు పేరు, ఆయన అయిదుగురు కొడుకుల పద్దు ఉన్నాయి. గుమాస్తా రాసిన పద్దు ఇరవై అయిదు వందల ఏళ్ళు నిలిచింది. మా ఆఫీసు పద్దులను పదేళ్ళకే చెదలు తిన్నాయి.

అట్లాసు తీసి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. యెరూషలేముకూ బబులోనుకూ మధ్య ఎడారి. తిన్నగా పోవడం కుదరదు, ఉత్తరంగా సిరియా మీదుగా పోయి యూఫ్రటీసు నది వెంట దిగాలి. తరువాతి కాలంలో ఎజ్రా ఆ దారిన తిరిగి వచ్చినప్పుడు మొదటి నెల మొదటి రోజున బయలుదేరి అయిదవ నెల మొదటి రోజుకు చేరాడు. నాలుగు నెలలు. ఎజ్రా 7:9లో ఉంది లెక్క.

ఇంత దూరంలో కూర్చున్న జనానికి అప్పుడు కావలసిన మాట ఒక్కటే, ఎప్పుడు వెళ్తాం? 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అందరూ తిరిగి వస్తారని చెప్పాడు. అందరూ వినాలనుకున్న మాట అది. యిర్మీయా ఉత్తరం దానికి అడ్డం వచ్చింది. ఇళ్ళు కట్టుకొని కాపురముండమని, తోటలు వేసి ఫలాలు తినమని, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయమని, మిమ్మల్ని తీసుకెళ్ళిన ఆ పట్టణం క్షేమం కోరి ప్రార్థించమని రాశాడు. డెబ్బై ఏళ్ళ తరువాత దేవుడు మిమ్మల్ని చూస్తాడన్నాడు. ఆ డెబ్బై తరువాతి వాక్యమే మన కార్డు మీది వాక్యం. ఆ డెబ్బైని ఎక్కడ నుంచి ఎక్కడికి లెక్కకట్టాలో వ్యాఖ్యానకర్తలు ఒక మాట మీద లేరు. యెరూషలేము ఆలయం పడిన క్రీ.పూ. 586 నుంచి తిరిగి కట్టిన 516 వరకు అని కొందరు, నెబుకద్నెజరు పాలన మొదలైన 605 నుంచి అని కొందరు. ఏ లెక్కన చూసినా ఒకటి నిజం. ఆ ఉత్తరం చదివి వినిపించిన రోజున నలభై ఏళ్ళున్న మనిషి తిరుగు ప్రయాణం చూడలేదు. కోరెషు రాజు బబులోనును పట్టుకున్నది 539లో. మంచి కాలం మాట నిజమే, కాని అది మనవళ్ళకు. తాతలకు చెప్పింది ఇల్లు కట్టుకోమని.

ఇక్కడే స్ట్రాంగ్ పదసూచిక పని చేసింది. 1890లో జేమ్స్ స్ట్రాంగ్ అనే అమెరికా పండితుడు ఇంగ్లీషు బైబిలులోని ప్రతి మాటకూ మూల హెబ్రీ, గ్రీకు మాట ఏదో నెంబరు వేసి చూపించాడు. పదకొండవ వాక్యంలో మన తెలుగు సమాధానము అన్నచోట ఉన్నది 7965వ నెంబరు, షాలోము. ఏడవ వాక్యంలో పట్టణపు క్షేమం అన్నచోట కూడా అదే 7965. మూడుసార్లు వస్తుంది. తెలుగు అనువాదంలో ఒకచోట క్షేమము, ఒకచోట సమాధానము అని ఉండడం వల్ల ఆ ముడి మన కంటికి కనబడదు. నీకు ఇస్తానన్న షాలోము, నువ్వు ఆ ఊరికి కోరవలసిన షాలోము ఒకే మాట.

ఇది చదివిన ఆదివారం హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా వాళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. మా తాతలు రైలు పనికి వచ్చారు, మీలో కొందరి తాతలు కోలారు గనులకు వచ్చి ఉంటారు. యాభై ఏళ్ళుగా మా హాల్లో ఒకటే తగవు, ఇక్కడ స్థలం కొనడమా, రిటైరయ్యాక మన ఊరు పోవడమా అని. పోదామన్నవాళ్ళు చాలామంది పోకుండానే పోయారు, అద్దె ఇంట్లో. అయితే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బబులోనుకు వెళ్ళినవాళ్ళు సంకెళ్ళలో వెళ్ళారు, మనవాళ్ళు జీతానికి వచ్చారు. ఆ తేడా చెరిపేసి మనమే యూదులమనుకుంటే మళ్ళీ వాక్యాన్ని ఫైలులోంచి లాగినట్టే.

చెరలోని ఆ జనం నిజంగా ఇళ్ళు కట్టుకున్నారా అని ఒక కుర్రాడు అడిగాడు. కట్టుకున్నారు. యూదా ఊరు అన్న అర్థం వచ్చే పేరుతో బబులోను దేశంలో ఒక పల్లె ఉండేది. అక్కడివీ, ఆ చుట్టుపక్కలవీ వందకు పైగా పలకలు దొరికితే 2014లో పండితులు అచ్చువేశారు. అప్పు పత్రాలు, కౌలు పత్రాలు, పన్ను రసీదులు. తండ్రి పేరు బబులోను తీరున, కొడుకు పేరు యూదుల తీరున ఉన్న ఇళ్ళు కనబడతాయి. మన ఇళ్ళలో పిల్లవాడి పేరు కన్నడ బడికి ఒకటి, నాయనమ్మ పిలుపుకు ఒకటి ఉండడం గుర్తొచ్చి అందరూ నవ్వారు.

మా లెక్కల బుద్ధికి నచ్చిన ఇంకొక్కటి చెబుతాము. మత్తయి 18లో ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. రాజు మాఫీ చేస్తాడు. వాడు బయటికి పోయి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకుంటాడు. ఇప్పుడు తలాంతు అంటే పాట పాడే శక్తి అనుకుంటున్నారు పిల్లలు. ఆ అర్థం తరువాత వచ్చింది, అసలు అది తూకం. పాతిక కిలోల పైమాట. బైబిలు నిఘంటువులో కొలతలు, డబ్బు అన్న చోట చూడండి: ఒక తలాంతు ఆరువేల దేనారాలు. మత్తయి 20లో ద్రాక్షతోట కూలికి దినకూలి ఒక దేనారము. సంవత్సరానికి మూడు వందల పనిదినాలు వేస్తే ఒక్క తలాంతు ఇరవై ఏళ్ళ కూలి. పదివేల తలాంతులు ఆరు కోట్ల దినాల కూలి. నూరు దేనారాలు నాలుగు నెలల కూలి. నిష్పత్తి ఆరు లక్షలకు ఒకటి. పోనీ రాజుల లెక్కలో ఎంత? ఆ శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫసు, హేరోదు అంతిపకు గలిలయ, పెరయ ప్రాంతాల మీద ఏడాదికి 200 తలాంతులు వచ్చేవని రాశాడు. అంటే ఆ దాసుడి బాకీ గలిలయ రాజ్యానికి యాభై ఏళ్ళ రాబడి. విన్నవాళ్ళు ఆ అంకె వినగానే నవ్వి ఉంటారు. నూరు దేనారాలు మాత్రం చిన్న సొమ్ము కాదు, నాలుగు నెలల జీతం ఎవరికైనా నొప్పే. అది కూడా గమనించాలి.

పుస్తకాలు కొనేవారికి నాలుగు మాటలు. ముందు అధ్యాయం మొత్తం చదవండి, దానికి పైసా ఖర్చు లేదు. అడుగున రిఫరెన్సులు ఉన్న బైబిలు కొనండి. వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పక్కన పెట్టుకుంటే పాత తెలుగు తేలికవుతుంది. మీ పిల్లలు కన్నడ, తమిళ బైబిలు చదివితే చదవనివ్వండి, పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా ఒక నిఘంటువే. వ్యాఖ్యానాలు ఆఖరున తెరవాలి. ముందే తెరిస్తే అవతలి వాడి కళ్ళతోనే చూస్తాం. వ్యాఖ్యానం చేతిలోకి తీసుకోగానే లోపలి పేజీలో ఎవరు, ఎప్పుడు రాశారో చూడండి. ఫోనులో ఉచితంగా దొరికే మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానం భక్తికి మంచిదే, కాని ఆయన 1714లో చనిపోయాడు. బబులోను లిపిని చదవగలిగింది 19వ శతాబ్దం నడిమికి. పై పలకల సంగతి ఆయనకు తెలిసే వీలే లేదు. కొత్త నిబంధనలో రోమా పత్రిక నుంచి ఉన్న భాగం కూడా ఆయనది కాదు, మిగిలిన బోధకులు పూర్తిచేశారు. స్ట్రాంగ్ నెంబర్లతో కూడా మితంగా ఉండాలి. ఒక హెబ్రీ మాటకు పది అర్థాలు చూపితే మనకు నచ్చింది ఏరుకోమని కాదు, ఆ వాక్యంలో కుదిరేది ఏదో చూడమని. సమాధానము అని కనబడ్డ చోటల్లా జవాబు అని పెట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మీ పాస్టరు గారు చెప్పినదానికి పుస్తకం వేరుగా చెబితే కూటంలో లేచి నిలదీయకండి, తరువాత వెళ్ళి అడగండి. మా దగ్గర ఇద్దరు పాస్టర్లు ఇప్పుడు మా పుస్తకాలు వాడుకుంటున్నారు, ఒకరు బెంగళూరు ఎవెన్యూ రోడ్డులో పాత అట్లాసు కొని మాకే తెచ్చి ఇచ్చారు.

మీ ఊరి సంఘంలో కూడా ఇలాంటి అర పెట్టాలనుకుంటే, పోయిన పెద్దల ఇళ్ళలో అడగండి. అటకల మీద చాలా ఉంటాయి, పిల్లలు చదవలేక కిలోల లెక్కన అమ్ముతున్నారు. మా హాలు రెండవ, నాలుగవ ఆదివారం సాయంత్రం అయిదింటికి తెరుస్తాము. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళేవారు రిజిస్టరులో సంతకం పెట్టాలి, పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి. పదసూచిక మాత్రం ఇంటికి ఇవ్వము. ఇద్దామన్నా పెద్దావిడ ఒప్పుకోరు.